గడపకు రాసినవాళ్లు

మా కోడలు నీలవేణి ఆ రోజు యూనివర్సిటీ నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా గడప మీద కూర్చుండిపోయింది.

"ఏటే అది? గడప మీద కూర్చుంటారేటి ఎవరైనా? లే ముందు," అన్నాను వంటింట్లోంచి.

"ఉండండత్తయ్యా. మా మాస్టారు నన్ను గుమ్మం దగ్గరే ఆపీసారు," అంది.

నాకేమీ అర్థం కాలేదు. మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. తాగాక చెప్పింది.

నీలవేణి విజయనగరంలో మా ఇంట్లోనే ఉండి ఎమ్మే చరిత్ర రెండో ఏడు చదువుతోంది. పెళ్లితో ఆగిపోయిన చదువును నేనే పట్టుబట్టి మళ్లీ మొదలుపెట్టించాను. మా అబ్బాయి విశాఖ పోర్టులో క్రేన్ నడుపుతాడు, శనివారాలు వస్తాడు. మిగతా వారమంతా ఇంట్లో మేమిద్దరమే. నేను ఎనిమిదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఆమె పాఠాలు పైకి చదువుతుంటే కూర తరుక్కుంటూ వినడం నాకు సరదా.

రెండో ఏడు వాళ్లు ఏదైనా ఒక అంశం ఎంచుకుని పరిశోధన చేసి, చిన్న పుస్తకమంత రాసి ఇవ్వాలట. శ్రావణమాసం వెళ్లేలోపల అంశం ఖాయం కాకపోతే ఆ ఏడు పోయినట్టే. ఆమె మొదట కోట మీద రాస్తానంది. అప్పటికే పదకొండు మంది రాసేశారన్నారు. తరవాత జనపనార మిల్లుల మీద అంది. పాత కాగితాలు చూపించే నాథుడు దొరకలేదు. మూడోసారి ఉత్తరాంధ్ర స్త్రీల చరిత్ర అని పట్టుకెళ్తే, ఆమె గైడు ముకుందం మాస్టారు నవ్వారట.

"'అమ్మా, అంశం ఊరంత ఉంటే చుట్టూ తిరగడమే సరిపోతుంది. గుమ్మమంత ఉండాలి. అప్పుడే లోపలికి వెళ్లగలవు' అన్నారత్తయ్యా."

"అంటే వచ్చి గుమ్మం మీద కూర్చోమన్నారేటి?"

"కాదు గానీ..." అంటూ లేవబోయి ఆగింది. అరచేతికి పసుపు అంటుకుంది. దాన్ని చూసింది, గడపను చూసింది. "అత్తయ్యా, ఈ గుమ్మం ఎన్నాళ్లది?"

మా మామగారి తండ్రి చేయించిన వేగిస కర్ర గుమ్మం అది. రోడ్డు వెడల్పులో పాత ఇల్లు పోతే, ఇరవై అడుగులు వెనక్కి జరిగి రెండు గదుల డాబా వేసుకున్నాం. గుమ్మం మాత్రం జాగ్రత్తగా ఊడదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టుకున్నాం. ప్రతి శుక్రవారం గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెడతాం. కడిగితే పైపైది పోతుంది. చెక్క పీల్చుకున్నది పోదు. ఏళ్ల తరబడి అలా పేరుకుని గడప మధ్యలో లక్కలాగా గట్టిపడింది.

ముప్పై ఒక్క ఏళ్లు నేనే రాశాను. రెండేళ్ల కిందట మావారు పోయాక మానేశాను. నన్నెవరూ మానమనలేదు. మా అత్తగారు సన్యాసమ్మగారు ఏనాడో చెప్పిన మాట అది. నేను కాపురానికి వచ్చేసరికి మా మామగారు పోయి మూడు నెలలు. మొదటి శుక్రవారమే ఆవిడ పసుపు గిన్నె నా చేతికిచ్చి, "ఇక ఇది నీ పని. ముత్తైదువ చెయ్యే గడపకి తగలాలి. నేను ముట్టుకోను," అన్నారు. ఆవిడ మాటకు ఇంట్లో ఎదురు లేదు. నియమం అంటే నియమమే.

అందుకే ఇప్పుడు నీలవేణి రాస్తుంది. బస్సు హడావిడిలో రాస్తుంది. ఎడమ అంచు ఎప్పుడూ వదిలేస్తుంది. శుక్రవారం పొద్దున్న నేను వంటింట్లోంచి ఇవతలికి రాను. చూస్తే చెయ్యి ఊరుకోదు.

* * *

వారం తిరక్కుండా ఆమె ఒక మనిషిని వెంటపెట్టుకొచ్చింది. పేరు భానోజీ. యూనివర్సిటీలో సైన్సు వైపు పని చేస్తారు. నలభై ఏళ్లుంటాయి, హాస్టల్ తిండి తిన్న ముఖం. చంకలో హార్మోనియం పెట్టెంత యంత్రం. దానికేదో పెద్ద పేరుంది గానీ, అక్కడి పిల్లలు పొరచూపు అంటారట.

"పాత గోడల సున్నం పొరలు చదవడానికి చేశానమ్మగారూ. గోడలిచ్చేవాళ్లే దొరకలేదు," అన్నారాయన, గుమ్మం బయట నిలబడి.

పెట్టెను గడప కుడి చివర ఆనించి మీట నొక్కారు. కుట్టుమిషనులా టికటికమంది. చిన్న అద్దంలో గీతలు కదిలాయి.

"పైపొర రాసినావిడ చూపుడు వేలు వాడలేదు. ఉంగరం వేలితో రాసింది. ఆ రోజు కొంచెం జ్వరం కూడా ఉంది."

నీలవేణి తన చూపుడు వేలు చూపించింది. పది రోజుల కిందట కత్తిపీట తెగిన మచ్చ. జ్వరం సంగతి నాకు తెలియనే తెలియదు.

"జ్వరం అని చెప్పలేదేమే?"

"చెప్తే కాలేజీకి పంపరని."

పసుపు రాసేటప్పుడు వేళ్ల చెమటా, నూనే అందులో కలిసిపోతాయట. పసుపు వాటిని చెడనివ్వదట. ఏటా వానాకాలంలో చెక్క మీద సన్నని బూజు గీత పడుతుంది కాబట్టి ఏళ్లు కూడా లెక్క పెట్టొచ్చునట. ఇదంతా చెప్పి పెట్టె ఎత్తారాయన. అది నిలిచిన చోట బియ్యపు గింజ వెడల్పున గడప వెలిసిపోయి ఉంది. పెట్టె అడుగున గాజుసీసాలో చిటికెడు పాలిపోయిన పొడి.

"ఇదేంటి బాబూ?"

ఆయన తల దించుకున్నారు. "చదివిన పొర ఉండదమ్మగారూ. దీనికి చదవడమంటే ఒలవడమే. పొడి మిగుల్తుంది గానీ వరస పోతుంది. కాగితం చింపి పోగేసినట్టు. అక్షరాలుంటాయి, మాటలుండవు."

ఆలోచించి చెబుతానని ఆయన్ని పంపేశాను.

మా అత్తగారిది ఇంట్లో ఒక ఫొటో కూడా లేదు. పింఛను కాగితం మీద వేలిముద్ర ఒకటి ఉండేది, అది చెదలు తినేసింది. ఆవిడ చెయ్యి మిగిలింది ఈ గడప మీదే. దాని మీద నా ముప్పై ఒక్క ఏళ్ల శుక్రవారాలు. ఒలిచేస్తే ఏం మిగులుతుంది? ఒలవకపోతే ఈ పిల్ల చదువు ఏమవుతుంది?

శనివారం సింహాచలం వెళ్లాను. మా ఇంటి దైవం ఆ అప్పన్న. ఏడాది పొడవునా చందనం కప్పుకునే ఉంటాడు. వైశాఖంలో ఒక్కరోజు ఆ పొరలు ఒలిచి నిజరూపం చూపిస్తారు. దాని కోసం ఎంత దూరం నుంచి వచ్చి, ఎంతసేపు వరసలో నిలబడతారో. చందనం ఒలిస్తే స్వామికి లోటు వచ్చిందని ఎవరమూ అనుకోము. చూసి, దణ్ణం పెట్టుకుని, మళ్లీ పూస్తారు. అది తలుచుకుంటూ కొండ దిగాను.

ఇంటికి వచ్చి, "మీ సారును రమ్మను," అన్నాను నీలవేణితో.

ఆమె నా చేతిలో ప్రసాదం పొట్లం తీసుకుని కళ్లకద్దుకుంది.

* * *

ఆషాఢం చివర్లో పని మొదలైంది. గుమ్మానికి అడ్డంగా పెట్టె, పెట్టె పక్కన పీట, పీట మీద భానోజీగారు. పాలవాడూ, మేమూ, శనివారం వచ్చే మా అబ్బాయీ అందరం పెరటి దారే. మధ్యాహ్నం ఆయనకు కూడా ఒక కంచం పెట్టేదాన్ని. రెండు వారాలకు ఆయన ముఖంలో కాస్త నిగారింపు వచ్చింది.

ఎదురింటి రావులమ్మకు ఎనభై ఏళ్లు. అరుగు మీద కూర్చుని ఇటే చూసేది. "శ్రావణమాసం వొచ్చేత్తంది, బోసి గడపేటే కళావతీ? ఎవులైనా పాత సామాన్ల కొట్టుకి తూకానికి ఏసీసినారేటి గుమ్మాన్ని?" అని అరిచేది.

"చదువుతున్నారు పిన్నీ!"

"గడపనా? దాని మీదేటి రాసుంది?"

పెట్టె ముందుగా గడప అంచున సన్నగా ఒక గాడి తీసి, అడుగుదాకా మొత్తం ఒకసారి చూసింది. నాలుగు చేతులున్నాయని తేల్చింది. మూడో రోజు భానోజీగారు అన్నం ముందు కూర్చుని కూడా కలుపుకోకుండా దిగులుగా ఉన్నారు.

"ఏమైంది సార్?" అంది నీలవేణి.

"నమూనా పాడైపోయింది నీలవేణీ. ఒకే ఇంటి ఆడవాళ్లు కదా, నాలుగు తరాలు. రక్తం కలవాలి. యంత్రానికి అలాగే నేర్పాను. ఒక్కరి చెయ్యి కూడా ఇంకొకరి చేతితో కలవడం లేదు. ఎవరో బయటివాళ్లు ముట్టుకుని పాడుచేశారు."

నాకు నవ్వు ఆగలేదు. పప్పు గరిటె పట్టుకునే నవ్వాను.

"బాబూ, నీకు పెళ్లయిందా?"

"లేదమ్మగారూ."

"అందుకే. మేమందరం కోడళ్లం నాయనా. ఈ ఇంట్లో పుట్టినవాళ్లు వేరే ఇంటి గడపకి రాస్తారు. ఈ గడపకి రాసినవాళ్లందరం బయటినుంచి వచ్చినవాళ్లమే."

ఆయన నోరు తెరిచి నన్నూ, యంత్రాన్నీ మార్చి మార్చి చూశారు. నీలవేణి కంచం పక్కకు జరిపి, చెయ్యి కూడా కడుక్కోకుండా ఎడమ చేత్తో పుస్తకం లాక్కుంది.

"అత్తయ్యా, ఇంకోసారి అనండి."

"ఏటి?"

"ఇప్పుడన్నది. అలాగే అనండి."

అన్నాను. రాసుకుంది. అంశం ఆ పూట కంచాల దగ్గరే దొరికింది. ఒక గడప, నలుగురు కోడళ్లు. ముకుందం మాస్టారికి ఎంత నచ్చిందంటే, ఫోనులో ఆయన గొంతు నాకు వంటింట్లోకి వినిపించింది. శ్రావణంలో ఆఖరి శుక్రవారం కమిటీ ముందు చెప్పి ఒప్పించాలి. అంతే మిగిలింది.

తరవాత పొరపొరా చదవడం మొదలైంది. నీలవేణివి రెండేళ్లు ఒక్క రోజులో అయిపోయాయి. నావి మొదలయ్యాక రోజూ నాకొక పరీక్ష.

"అమ్మగారూ, శుక్రవారాలు ఉపవాసం అన్నారు. ఈ ఏడాదంతా వేళ్లకి వేరుశనగ నూనె ఉందే?"

"అప్పుడు అబ్బాయి పదో తరగతి. వాడికి వేసిన పకోడీలు నేనూ తిన్నాను. దేవుడికి తెలుసు, మీ పెట్టెకీ తెలియాలా?"

నీలవేణి పడిపడి నవ్వింది. "రాయనా అత్తయ్యా?"

"రాసీ. మీ ఆయన అందుకే అంత లావు అని కూడా రాసీ."

* * *

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

నేను కాపురానికి వచ్చిన తొలి ఏళ్ల దగ్గరకు వచ్చేసరికి పెట్టె పదేపదే ఆగసాగింది. భానోజీగారు మూడుసార్లు సరిచూసుకుని చెప్పారు.

"ఇక్కడ ప్రతి శుక్రవారం రెండు పొరలున్నాయమ్మగారూ. పైది మీది. కిందది ఇంకొకరిది. పలచగా ఉంది. అది ఆరకముందే మీరు పైన రాశారు. ఒకటి రెండు వారాలు కాదు, పద్నాలుగేళ్లు."

"పాత పసుపు అయ్యుంటుంది," అన్నాను.

"కాదండి. ఏ వారానికావారం కొత్తది. నెలకో వారం మీ పొర లేదు, కిందది మాత్రమే చిక్కగా ఉంది. ఒకచోట వరసగా మూడు నెలలు మీది లేదు."

మూడు నెలలు నేను పురిటికి పుట్టింటికి వెళ్లాను. నెలకో వారం ఎందుకో నీలవేణికి వెంటనే తెలిసింది. నేను బయట కూర్చున్న శుక్రవారాలు అవి. అప్పుడు గడపకు ఎవరు రాశారని అడిగితే, "రావులమ్మ చేత రాయించాను," అనేవారు మా అత్తగారు.

నీలవేణి రోడ్డు దాటి వెళ్లింది. రావులమ్మ జవాబు ఇటువైపుకే వినిపించింది.

"నానెప్పుడు రాసినానే? మీ పెద్దత్త నన్ను ఆ గుమ్మం కాడికి రానిచ్చిందేటి? నా సెయ్యి మంచిది కాదనీది, ముసిల్ది!"

ఆ రెండో చెయ్యి ఎవరిదని నేను అడగలేదు. మొదటి రోజు తీసిన గాడిలోని మూడో చేతితో సరిపోయిందని భానోజీగారే నెమ్మదిగా చెప్పారు. మూడో చెయ్యి సన్యాసమ్మగారిది. నేను కాపురానికి వచ్చాక ఆవిడ బతికింది పద్నాలుగేళ్లే.

శుక్రవారం నేను పొయ్యి వెలిగించే లోపల ఆవిడ గడప కడిగేసేవారు. "కడిగీసాను. పసుపు రాయి," అని కేకేసేవారు. తడి గడప ఎప్పుడూ కొంచెం పచ్చగానే ఉండేది. ఎంత కడిగినా పోని పాత పసుపు అనుకునేదాన్ని. ఆవిడ గోళ్లలో పసుపు చూసి కూరల పసుపు అనుకునేదాన్ని. ముప్పై ఏళ్లు అలాగే అనుకున్నాను.

"చివరి ఏడాది పొరలు ఎడమ చేతివి," అన్నారు భానోజీగారు.

చివరి ఏడాది ఆవిడకు కుడిచెయ్యి పడిపోయింది. గోడ పట్టుకుని నడిచేవారు. శుక్రవారం పొద్దున్నే, "కాఫీ పెట్టు. ఈలోపు గుమ్మం దగ్గర గాలికి కూర్చుంటాను," అనేవారు. గడప దగ్గర కూర్చోకూడదని అందరికీ చెప్పే మనిషి అలా అంటుంటే, పెద్దతనం కదా అనుకున్నాను. కాఫీ తెచ్చేసరికి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఉండేవారు.

నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. ముందు కోపం వచ్చింది. ముట్టుకోనని నాకు చెప్పి, తాను రాసింది. ఆవిడ మాట పట్టుకుని ఈ రెండేళ్లు నేను శుక్రవారం వచ్చిందంటే వంటింట్లో దాక్కున్నాను. కాసేపటికి కోపం పోయి భయం పట్టుకుంది. ఆవిడ అంత జాగ్రత్తగా దాచుకున్నదాన్ని నేను ఒలిపించి బయటపెట్టాను. ఇప్పుడది పుస్తకంలోకి ఎక్కితే, విధవరాలు దొంగచాటుగా గడపకు రాసిందట అని పదిమందీ అనుకుంటారు.

నీలవేణి వచ్చి నా పక్కన సిమెంటు చపటా మీద కూర్చుంది.

"అత్తయ్యా, ఇది రాయకపోతే నా పుస్తకంలో ప్రాణం లేదు. అబద్ధం చెప్పను. ఇదే అసలు సంగతి."

"నాకు తెలుసు."

"కానీ ఆవిడ మీకు అత్తగారు, నాకు పుస్తకం. మీరు వద్దంటే మొత్తం మానీస్తాను. వచ్చే ఏడు ఇంకోటి వెతుక్కుంటాను. కోట మీద పన్నెండోదాన్నవుతాను."

"ఏడు పోతుంది కదే."

"పోతే పోనీండి. మీరు రోజూ పాఠాలు వినొచ్చు ఇంకో ఏడు."

ఆమె తమాషాకు అనలేదు. ముఖం చూస్తే తెలిసింది. కమిటీ శుక్రవారానికి ఇంకా మూడు రోజులున్నాయి.

ఆ మూడు రోజులూ పూజలో కూర్చుని అదే అడిగాను. ఆ నియమం దేవుడు పెట్టాడా, మనుషులు పెట్టారా? చదువుకున్నదాన్ని కాదు, నాకేం తెలుసు? ఒకటి మాత్రం తెలుసు. పద్నాలుగేళ్లు ఒక విధవరాలి చెయ్యి ఆ గడపను ముందుగా తాకింది. ఆ పద్నాలుగేళ్లలోనే నా కొడుకు పుట్టాడు. మావారికి ఉద్యోగం ఖాయమైంది. అప్పన్న మా ఇంటి మీద ఎప్పుడూ అలగలేదు. ఆవిడ ఆ నియమాన్ని నిజంగా నమ్మిందో, నలుగురి కోసం చెప్పిందో యంత్రానికి కూడా తెలియదు. అలా చెప్పిన నోరూ ఆవిడదే, రాసిన చెయ్యీ ఆవిడదే. నోటిమాట ముప్పై ఏళ్లు మోశాను. చెయ్యి ఏం చెప్పిందో ఇప్పుడే విన్నాను.

* * *

గురువారం చదవడం పూర్తయింది. గడప కొత్తగా చిత్రిక పట్టినట్టు తెల్లగా, బోసిగా ఉంది. నాలుగో చెయ్యి, అంటే మా అత్తగారి అత్తగారిది, పేరు కూడా ఎవరికీ తెలియదు. ఆమె ఇంచుమించు చివరిదాకా అరచెయ్యి మొత్తం ఆనించి రాసేదని మాత్రం తెలిసింది.

శుక్రవారం పొద్దున్న ఏడున్నర బస్సుకు నీలవేణి తయారైంది. నేత చీర కట్టుకుంది. చంకలో ఫైలు. పెట్టె తీసుకువెళ్లడానికి భానోజీగారు ఆటో తెచ్చారు. ఎదురుగా అరుగు మీద రావులమ్మ ఉండనే ఉంది. నీలవేణి గడప కడిగింది. పసుపు గిన్నె చేత్తో పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"అత్తయ్యా, రాయనా? వద్దా?"

పసుపు సంగతి అడిగిందో, పుస్తకం సంగతి అడిగిందో నాకు తెలియలేదు. రెండూ అడిగిందేమో.

గిన్నె నేను తీసుకున్నాను.

"నువ్వు పుస్తకం రాయి. గడపకి నేను రాస్తాను."

ఆమె కదల్లేదు. "ఆవిడ సంగతి?"

"రాయి. దొంగతనంగా రాసిందని రాయకు. మానలేదని రాయి. ఎడమ చేత్తో కూడా మానలేదని రాయి. నా పకోడీలు వదిలీకు."

నీలవేణి ఫైలు గట్టిగా గుండెకు హత్తుకుని తల ఊపింది. నేను గడప ముందు కూర్చుని భానోజీగారి వైపు చెయ్యి చాపాను. "ఆ సీసాలిలా ఇయ్యి బాబూ."

ఆయన ఇచ్చారు. చేతికొక సీసా చొప్పున పోగేసిన ఆ నాలుగు సీసాల పొడీ నేను పసుపు గిన్నెలో ఒంపేసరికి గాబరా పడ్డారు.

"అయ్యో, అమ్మగారూ, కలపకండి! రేపు ఎప్పుడో ఎవరైనా ఈ గడప చదివితే నాలుగు చేతులూ ఒకే పొరలో ఉంటాయి. ఏది ఎవరిదో తేలదు."

"అప్పుడు మీ యంత్రం ఏమంటుంది?"

"నమూనా పాడైపోయిందంటుందండి."

"అననీ," అన్నాను.

నీళ్లు పోసి కలిపాను. మధ్యలో మొదలుపెట్టి రెండు వైపులకూ రాసుకుంటూ వెళ్లాలి, సన్యాసమ్మగారు నాకు నేర్పింది అలాగే. రెండేళ్లయినా చెయ్యి మరిచిపోలేదు. ఎదురుగా రావులమ్మ అరుగు మీంచి లేచి నిలబడింది. ఏదో అంటుందని చూశాను. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "ముసిల్ది బతికుంటే నవ్వీది," అని మళ్లీ కూర్చుంది.

ఆటో హారను కొట్టింది.

"బస్సు పోతుందే," అన్నాను.

"ఇంకా పది నిమిషాలుంది," అంటూ నీలవేణి ఫైలు భానోజీగారి చేతిలో పెట్టి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని నా పక్కన కూలబడింది. గిన్నెలో వేళ్లు ముంచింది.

"ఎడమ అంచు వదిలీకు," అన్నాను.